వేరుశనగకు దగ్గరి చుట్టం ఎవరు? క్లోరోప్లాస్ట్ జీనోముతో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

కడప నుంచి జమ్మలమడుగు వైపు పోతే నల్లరేగడిలో బుడ్డశనగ (శనగపప్పు వచ్చే పంట) కనిపిస్తుంది. రాయచోటి వైపు పోతే ఎర్రనేలల్లో వేరుశనగ, ఆ దారిలోనే పాలకొండల మీద ఎర్రచందనం. ఈ మూడింటిలో దగ్గరి చుట్టాలు ఏవని అడిగితే ఎవరైనా రెండు శనగలనే చూపిస్తారు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన దాయాదులు అయిపోరు. వేరుశనగకు బుడ్డశనగ కన్నా కొండ మీది ఎర్రచందనమే దగ్గర. నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. పైసా ఖర్చు లేదు.

ముందు కాస్త నేపథ్యం. ఎండతో ఆహారం తయారుచేసే ఆకుపచ్చని క్లోరోప్లాస్టులు ఒకప్పుడు విడిగా బతికిన సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవుల వారసులు. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే ఒక కణం ఆ సూక్ష్మజీవిని మింగి, అరిగించుకోకుండా లోపలే ఉంచుకుంది. అందుకే క్లోరోప్లాస్టుకు ఇప్పటికీ సొంత డీఎన్‌ఏ ఉంది. ఆ మొత్తం డీఎన్‌ఏనే దాని జీనోము. దాని జన్యువుల్లో చాలా వరకు కేంద్రకంలోకి వలస పోయాయి, చాలా మొక్కల్లో వందకు కాస్త పైగా మిగిలాయి. పొగాకు, లివర్‌వర్ట్ (నాచులాంటి చిన్న మొక్క) అనే రెండింటి క్లోరోప్లాస్ట్ జీనోములను 1986లో మొదటిసారి పూర్తిగా చదివారు. డీఎన్‌ఏను ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాస్తారు, పొగాకుది సుమారు 1,56,000 అక్షరాల పొడవు. చిన్నది, నెమ్మదిగా మారేది, తరం నుంచి తరానికి దాదాపు చెక్కుచెదరకుండా వచ్చేది కాబట్టే పాత చుట్టరికాలు తవ్వడానికి ఇది అంత బాగా పనికొస్తుంది.

మొదటి అడుగు: ఫైళ్లు తెచ్చుకోవడం

వేరుశనగ, బుడ్డశనగ, ఎర్రచందనం, కంది, చింత, ఈ ఐదింటి శాస్త్రీయ నామాలను వికీపీడియా నుంచి కాపీ చేసుకోండి. అమెరికా ప్రభుత్వం నడిపే జన్యు సమాచార భండారం ఎన్‌సీబీఐ (NCBI) వెబ్‌సైటులో న్యూక్లియోటైడ్ విభాగం తెరిచి, ఒక్కో పేరుకు పక్కన ఇంగ్లిషులో క్లోరోప్లాస్ట్ కంప్లీట్ జీనోమ్ అని చేర్చి వెతకండి. ఎర్రచందనం ఆకు కోసం అడవిలోకి మాత్రం వెళ్లొద్దు. అది చట్టరక్షణలో ఉన్న చెట్టు, అంతరించే ప్రమాదంలో ఉంది. దాని అక్షరాలన్నీ ఇప్పటికే కంప్యూటర్లో ఉన్నాయి.

రెండో అడుగు: పొడవు చూడడం

చాలామంది దీన్ని దాటేసి నేరుగా సాఫ్ట్‌వేర్ మీద పడతారు. నన్నడిగితే కథలో సగం ఇక్కడే ఉంది. ఫైలు మొదటి వరుసలోనే పొడవు ఉంటుంది. వేరుశనగకు 1,56,000 పైచిలుకు. ఎర్రచందనానిదీ లక్షన్నర దాటుతుంది. బుడ్డశనగది 1,25,319 మాత్రమే! మిగతా ముప్పై వేలు ఏమైనట్టు?

మామూలుగా ఈ వలయాకారపు జీనోములో సుమారు 25,000 అక్షరాల భాగం ఒకటి రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి సూటిగా, ఇంకొకటి తలకిందులుగా. బుడ్డశనగ పూర్వీకుల్లో ఎవరో ఒకరు ఆ రెండో ప్రతిని పోగొట్టుకున్నారు, తేడాలో ఎక్కువ భాగం అదే. ఆ నష్టం వాళ్ల సంతతి అందరికీ గుర్తుగా మిగిలింది. బఠాణీ, మసూర పప్పు, మెంతి అందరూ ఆ వంశమే. వేరుశనగలోనూ ఎర్రచందనంలోనూ రెండు ప్రతులూ భద్రంగా ఉన్నాయి. అయితే ఉన్నదాన్ని నిలుపుకోవడం దగ్గరి చుట్టరికానికి రుజువు కాదు, కందిలోనూ రెండూ ఉన్నాయి. పోగొట్టుకోవడమే గట్టి గుర్తు. అందుకని ఇంకో అడుగు వేయాలి.

మూడో అడుగు: ఒక జన్యువు తీసి పోల్చడం

మొక్కలను గుర్తుపట్టడానికి ఆర్‌బీసీఎల్ (rbcL), మ్యాట్‌కె (matK) అనే రెండు క్లోరోప్లాస్ట్ జన్యువులను వాడాలని 2009లో శాస్త్రవేత్తలు సూచించారు. మ్యాట్‌కె కాస్త వేగంగా మారుతుంది కాబట్టి మన పనికి అదే మేలు. ప్రతి ఫైలులో ఆ జన్యువు దగ్గర సీడీఎస్ (CDS) అన్న లింకు నొక్కి, కింద కనిపించే ఫాస్టా (FASTA) నొక్కితే దాదాపు 1,500 అక్షరాలు వస్తాయి. ఐదింటినీ ఒకే నోట్‌ప్యాడ్ ఫైలులో పేర్చండి. ఒక్కోదాని పై వరుసలో మొదట ఉన్న > గుర్తును అలాగే ఉంచి, పొడవాటి వివరం తీసేసి ఒక్క మాట పేరు పెట్టండి. లేకపోతే చివర్లో ఏ కొమ్మ ఎవరిదో తెలియక టెన్షన్ తప్పదు.

నాలుగో అడుగు: వంశవృక్షం గీయడం

మెగా (MEGA) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరిచి, మజిల్ (MUSCLE) పద్ధతితో ఐదు వరుసల్లో ఒకదానికొకటి సరిపోయే అక్షరాలను ఒకే గీతలోకి తెచ్చి, మాగ్జిమమ్ లైక్లీహుడ్ (ఈ అక్షరాలు రావడానికి ఎక్కువ అవకాశమున్న చెట్టును ఎంచే పద్ధతి) చెట్టు గీయమనండి. కొమ్మలు ఎంత గట్టివో మళ్లీ మళ్లీ పరీక్షించే బూట్‌స్ట్రాప్ 500 సార్లు పెట్టండి. చింతను మూలంగా ఉంచండి, ఐదింటిలో దూరపుది అదే. మిగతా నాలుగింటి క్లోరోప్లాస్టులో 50,000 అక్షరాల ముక్క ఒకటి తిరగబడి ఉంటుంది, చింతలో అలా ఉండదు.

చెట్టులో వేరుశనగ, ఎర్రచందనం ఒక కొమ్మ మీద కూర్చుంటాయి. బుడ్డశనగ కందితో కలిసి ఇంకో కొమ్మ మీద ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. జానెడు మొక్క, ఆకాశానికి పెరిగే మాను, ఒకే పూర్వీకుల సంతతి!

ఒక జాగ్రత్త

చాలా పూల మొక్కల్లో క్లోరోప్లాస్టు తల్లి నుంచే వస్తుంది, కాబట్టి ఇది చెప్పేది తల్లివైపు కథ మాత్రమే. దీనికి వేరుశనగే మంచి ఉదాహరణ. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి పుట్టిన పంట ఇది. క్లోరోప్లాస్టును చూస్తే డురానెన్సిస్ అనే తల్లి ఒక్కటే కనిపిస్తుంది. తండ్రి ఇపాయెన్సిస్ జాడ కావాలంటే కేంద్రక డీఎన్‌ఏ చదవాల్సిందే. సంకర జాతుల విషయంలో ఒక్క క్లోరోప్లాస్టును నమ్మి తీర్పు ఇవ్వకండి.

చేయి తిరిగాక మెంతి, పెసర, మినుముల ఫైళ్లు కూడా తెచ్చుకోండి. తెరిచే ముందే ఎవరి పొడవు లక్షా పాతిక వేల దగ్గర ఆగుతుందో, ఎవరిది లక్షన్నర దాటుతుందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.