నీటిలో తేలేదేదో, మునిగేదేదో త్రాసుతో తేల్చుకునే విధానం

బరువైన వస్తువులు మునుగుతాయని, తేలికైనవి తేలుతాయని చాలామంది అనుకుంటారు. కానీ టన్ను బరువున్న దుంగ నదిలో తేలుతూ పోతుంది, గ్రాము కూడా తూగని ఇసుక రేణువు అడుగుకు చేరుతుంది. కాబట్టి బరువొక్కటే చూసి ఏమీ చెప్పలేము. వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందో, అంతే చోటులో పట్టే నీరు ఎంత తూగుతుందో చూడాలి. లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుంది గనుక, మునిగిన వస్తువును కింది నుంచి నెట్టే బలం పై నుంచి అదిమే బలం కంటే ఎక్కువగా ఉంటుంది. ఈ రెండింటి తేడా ఆ వస్తువు తొలగించిన నీటి బరువుకు సమానమని క్రీ.పూ. 3వ శతాబ్దంలో సిరక్యూస్ నగరవాసి ఆర్కిమెడిస్ చెప్పాడు. ఈ సూత్రాన్ని పరీక్షించడానికి గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు ఒక్కటి చాలు.

ముందుగా పొడి వస్తువును తూచి, ఆ బరువును రాసుకోవాలి. తరువాత వెడల్పు మూతి గల పాత్రలో ముప్పాతిక వరకు నీరు పోసి, త్రాసు మీద ఉంచి, అంకెను సున్నా చేయాలి. మునిగే వస్తువైతే దానికి సన్నని దారం కట్టి, పాత్ర అడుగుకు గాని గోడలకు గాని తగలకుండా, పూర్తిగా నీటిలో వేలాడేటట్లు చేత్తో పట్టుకోవాలి. వస్తువు బరువును చాలావరకు దారమే మోస్తున్నా త్రాసు ఒక అంకె చూపిస్తుంది. నీరు వస్తువును ఎంత బలంతో పైకి నెడుతుందో, వస్తువు నీటిని అంతే బలంతో కిందికి నెట్టడమే దీనికి కారణం. ఆ అంకె తొలగిన నీటి బరువు. గ్రాము నీరు దాదాపు ఒక ఘన సెంటీమీటరు ఆక్రమిస్తుంది కనుక (గది ఉష్ణోగ్రత వద్ద వచ్చే తేడా అర శాతం కూడా ఉండదు), అదే వస్తువు ఘనపరిమాణం కూడా అవుతుంది. ఉదాహరణకు 78 గ్రాముల ఇనుప బోల్టును వేలాడదీస్తే త్రాసు 10 గ్రాముల దగ్గర ఆగుతుంది. అంటే ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు.

తేలే చెక్కకు దారంతో పని లేదు. దానిని నీటి మీద వదిలితే త్రాసు దాని సొంత బరువునే చూపుతుంది, ఎందుకంటే తేలే వస్తువు సరిగ్గా తన బరువుకు సమానమైన నీటినే తొలగిస్తుంది. తరువాత సన్నని సూదితో, వేలు నీటికి తగలకుండా, చెక్క పూర్తిగా మునిగేవరకు నొక్కాలి. మొదట 120, నొక్కినప్పుడు 200 వచ్చిందనుకుంటే చెక్క సాంద్రత 0.6, తేలేటప్పుడు నీటి కింద ఉండే భాగం నూటికి 60 వంతులు. మంచుగడ్డ సాంద్రత 0.917 కాబట్టి దానిలో పది వంతులకు తొమ్మిదికి పైగా నీటి కిందనే ఉంటుంది.

ఒక జాగ్రత్త అవసరం. మెల్లగా పడుకోబెట్టిన సూది నీటి మీద నిలుస్తుంది గాని, అది తలతన్యత (నీటి పైభాగం సాగదీసిన పొరలా బిగిసి ఉండే గుణం) చేసే పని, తేలడం కాదు. అందువల్ల ప్రతి వస్తువును ఒకసారి పూర్తిగా ముంచి వదిలి చూడాలి. దానికి అంటుకున్న గాలి బుడగలు ఘనపరిమాణాన్ని ఎక్కువగా చూపుతాయి కాబట్టి వాటిని తుడిచివేయాలి.

ఇనుము మునుగుతుంటే ఇనుప ఓడ ఎలా తేలుతుందన్న ప్రశ్నకు కూడా ఈ త్రాసే సమాధానం చెబుతుంది. నీటిలో కరగని మైనపు మట్టిని ఉండగా చేసి వేలాడదీస్తే, తొలగే నీరు దాని బరువు కంటే తక్కువని తెలుస్తుంది. అదే మట్టిని పలుచని గిన్నెగా మలిచి నీటి మీద ఉంచితే, గోడలతో పాటు లోపలి గాలి ఆక్రమించిన చోటు కూడా లెక్కలోకి వస్తుంది గనుక, త్రాసు మట్టి పూర్తి బరువును చూపుతుంది, గిన్నె తేలుతుంది. లోనికి నీరు చేరితే ఆ చోటు పోయినట్లే.

అన్నిటికంటే ఆసక్తికరమైనది కలపే. కలప కణాల గోడల పదార్థం సాంద్రత దాదాపు 1.5, అంటే అది నీటిలో మునగవలసినదే. చెక్కను తేల్చేది ఆ కణాల లోపలి గాలి. అందుకే గాలి ఎక్కువగా ఉండే బాల్సా నీటి మీద బాగా ఎత్తుగా తేలుతుంది, టేకు సగానికి పైగా మునిగి తేలుతుంది, గాలికి చోటు తక్కువగా ఉన్న ఎబొనీ సాధారణంగా అడుగుకు పోతుంది. చిన్న చెక్కముక్కను రోజుల తరబడి నీటిలో నానబెట్టి, మధ్యమధ్యలో పైతడి తుడిచి తూచితే, గాలి స్థానంలోకి నీరు చేరుతూ బరువు పెరగడం కనిపిస్తుంది. ఆ బరువు, నొక్కినప్పుడు వచ్చే అంకెను దాటిన నాడు చెక్క మునుగుతుంది.

నీటికి బదులు మరో ద్రవం వాడితే, త్రాసు చూపే అంకెను ఆ ద్రవం సాంద్రతతో భాగించిన తరువాతనే ఘనపరిమాణం వస్తుంది. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025 కాబట్టి, 1.01 సాంద్రత గల వస్తువు మంచినీటిలో మునిగినా సముద్రంలో తేలుతుంది.