వెయిట్స్ చేస్తే తల దిమ్మెక్కేది, బీపీ ఇలా దారికొచ్చింది (నా అనుభవం)

నాకు 47. జిమ్‌లో లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే మెషిన్) అవగానే తల దిమ్మెక్కేది, పొద్దున బీపీ 146/92. కాఫీ మానేశా, నడుముకి కట్టే బెల్ట్ కొన్నా, నెల రోజులు వెయిట్సే వదిలేశా, ఏం లాభం లేదు. అసలు తప్పు ఊపిరి బిగబట్టడం, అలా ఎత్తితే ఆ క్షణంలో బీపీ అమాంతం ఎగురుతుంది. ముందు డాక్టర్‌ని అడిగా, తర్వాత 15 సార్లు ఎత్తగలిగే బరువే పెట్టుకుని 12 దగ్గర ఆపేశా, ఎత్తేటప్పుడు నోటితో ఊపిరి వదలడం దించేటప్పుడు పీల్చడం, సెట్‌కీ సెట్‌కీ మధ్య 2 నిమిషాలు కూర్చోవడం, వారానికి 3 రోజులు. దిమ్ము మొదటి వారంలోనే పోయింది. బీపీ మాత్రం పొద్దున్నే 5 నిమిషాలు కుదురుగా కూర్చున్నాకే చూసుకున్నా, 3 నెలలకి 132/84. మధ్యలో 2 కేజీలు తగ్గా కూడా, కాబట్టి దేనివల్లో గట్టిగా చెప్పలేను. బీపీ మాత్ర మాత్రం మానలేదు, మీరూ మానకండి.