బయాలజీ చదవడానికి విదేశం వచ్చారా? మొదటి నెలల కోసం కొన్ని మాటలు

మొదటి వారం అర్ధరాత్రి మెలకువ వస్తుంది, మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడతాయి. టెన్షన్ పడకండి. ఒంట్లోని గడియారం రోజుకు దాదాపు ఒక గంట చొప్పున కొత్త సమయానికి సర్దుకుంటుంది. ఆ గడియారం ఎలా నడుస్తుందో పండు ఈగల్లో కనుక్కున్నందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. పగటి వెలుతురులో తిరిగితే తొందరగా సర్దుకుంటుంది.

ఆ తిరుగుడులోనే క్యాంపస్‌ను పరిచయం చేసుకోండి. రోజూ దాటి వెళ్లే చెట్టు పేరేమిటి, పొద్దున్నే కూసే పిట్ట ఏది? ఐనేచురలిస్ట్ అనే యాప్‌లో ఫోటో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. నేను హాస్టల్ ముందున్న ఒక్క చెట్టును ఎంచుకుని వారానికోసారి చూసి రాసుకునేదాన్ని. ఆకులు రాలే కాలానికల్లా ఆ దారి నాకు పరాయిగా అనిపించడం మానేసింది.

ఇక ల్యాబ్. సేఫ్టీ ట్రైనింగ్ పూర్తి కాకుండా లోపలికి రానివ్వరు కాబట్టి దాని తేదీ ముందే చూసుకోండి. ఆ తర్వాత అసలు పరీక్ష పైపెట్, అంటే కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి తీసే పరికరం. దాని బటన్ రెండు చోట్ల ఆగుతుంది. ద్రవాన్ని పీల్చేటప్పుడు మొదటి చోటు వరకే నొక్కాలి, వదిలేటప్పుడు రెండో చోటు దాకా నొక్కాలి. పీల్చేటప్పుడే పూర్తిగా నొక్కితే ఎక్కువ ద్రవం వచ్చేస్తుంది. నా మొదటి రెండు వారాల రీడింగులు ఇలాగే పాడయ్యాయి. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి ఎవరినీ అడగకపోవడమే కారణం. మీరు మొదటి రోజే అడగండి. ఒంటరిగా సాధన చేయాలంటే 100 మైక్రోలీటర్ల నీళ్లు తీసి త్రాసు మీద వేయండి, 0.1 గ్రాము రావాలి. పదిసార్లు వేసినా అదే వస్తే చేయి కుదిరినట్టే.

కొలవడమూ ఒక పనేనా అనిపించిన రోజు నేను శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకుంటాను. 1920ల మొదట్లో బోస్టన్ చేరి, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేస్తూ చదివారాయన. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. అలా కొలుస్తూ పోతూనే, కణాలకు శక్తినందించే ఏటీపీ అనే అణువును కండరాల్లో కనుక్కున్నారు. ఆ 1925 పేపరు మీ లైబ్రరీ ద్వారా దొరుకుతుంది, తీసి చదవండి.

ల్యాబ్ నోట్‌బుక్‌లో ఏ రోజు పని ఆ రోజే పెన్నుతో రాయండి. తప్పు పోతే ఒక గీత కొట్టండి, చెరిపేయకండి. విఫలమైన ప్రయోగాన్నీ రాయాలి. రిపోర్టులో ఇతరుల వాక్యం వాడితే ఎక్కడిదో చెప్పాలి. స్నేహితులతో కలిసి చర్చించినా రాత మాత్రం మీదే ఉండాలి. డబ్బిచ్చే పని ఏదైనా ఒప్పుకునే ముందు, మీ వీసాకు ఎన్ని గంటలు కుదురుతుందో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో కనుక్కోండి.

ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్, అంటే విద్యార్థులు వెళ్లి సందేహాలు అడిగే సమయాలు, మీకోసమే పెట్టినవి. పరిశోధనలో చేరాలని ఉంటే చిన్న ఈమెయిల్ చాలు: వాళ్ల పేపర్లలో ఏది చదివారు, అందులో మీకు వచ్చిన ఒక్క సందేహం, వారానికి ఎన్ని గంటలు రాగలరు. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్లీ రాయండి. ఈసారి, ల్యాబ్ మీటింగ్‌లో ఒక రోజు వెనక కూర్చుని వినవచ్చా అని అడగండి.