కవలల కోసం ఏది రెండు కొనాలి, ఏది ఒకటి చాలు, ఏది ఆగొచ్చు?

స్కాన్‌లో రెండు గుండెలు కనబడ్డ రోజు నుంచి మా ఇంట్లో మాటలన్నీ కొనాల్సిన వాటి మీదే. బెంగళూరు మారతహళ్లిలో రెండు పడకగదుల అద్దె ఫ్లాట్ మాది. పిల్లలకిప్పుడు ఏడాదిన్నర. మాకు ఎదురైన సమస్య, దాని వెనక కారణం, చివరికి పనిచేసిన పరిష్కారం, ఇలా వరుసగా రాస్తున్నాను. నెలలు మోస్తూ ఫోన్‌లో గంటలకొద్దీ వెతుక్కునే తల్లికి ఒక పూటైనా కలిసి రావాలని నా కోరిక.

సమస్య: లిస్టు చాంతాడంత అయింది, డబ్బు చాలేలా లేదు

కారణం ఒక్కటే. ఒక బిడ్డకి రాసిన లిస్టు తీసుకుని ప్రతి వస్తువు ఎదురుగా 2 వేసుకుంటూ పోతాం.

పరిష్కారం: ప్రతి వస్తువు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇద్దరికీ ఒకే సమయంలో ఇది కావాలా? పడక కావాలి, కారు సీటు కావాలి, కాబట్టి అవి రెండు. స్నానం ఒకరి తర్వాత ఒకరికే కాబట్టి టబ్బు ఒకటి చాలు. మా అమ్మ కాళ్లు చాపుకుని, వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోసేది, మాకు ఆ టబ్బు కూడా అక్కర్లేకపోయింది. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం: ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, ఒకరు చేతిలో ఉంటే రెండోవాళ్లని ఎక్కడ దింపాలి?

సమస్య: ఇద్దరూ ఒకేసారి ఏడుస్తారు, ఉన్నవి రెండు చేతులే

వస్తువులు ఎన్ని ఉన్నా ఈ బాధ తీరదు, ఎందుకంటే కొరత వస్తువులకి కాదు, దింపే చోటుకి. మేం హాల్లో నేల మీద పల్చటి గట్టి పరుపు వేసి దోమతెర పెట్టాం. వంటింటి గుమ్మం దగ్గర ఒక బౌన్సర్, అంటే పసిపిల్లల్ని వాల్చి ఉంచే ఊగే కుర్చీ. మొదట్లో ఒకటి చాలు. దాన్ని నేల మీదే పెట్టాలి, బెల్టు పెట్టాలి, బిడ్డ నిద్రపోతే తీసి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

పాల దగ్గరే నేను ఎక్కువ ఇబ్బంది పడ్డాను. మామూలు దిండ్లు రెండు పెట్టుకుంటే ఒకటి జారేది. ఒకర్ని సరిచేసేలోపు ఇంకొకరు రొమ్ము వదిలేసేవారు. నడుం చుట్టూ బిగించుకునే వెడల్పాటి కవలల దిండు కొన్నాక గానీ ఇద్దరికీ కలిపి పాలివ్వడం కుదరలేదు. ఒక్కొక్కరికీ విడిగా పట్టు బాగా వచ్చాకే కలిపి ఇవ్వడం మొదలుపెట్టండి. డబ్బు పెట్టదగ్గ వస్తువు ఏదని అడిగితే నేను మొదట చెప్పేది ఈ దిండే.

పాలు తీసే పంపు కొనొద్దు, రెండు వైపులా ఒకేసారి తీసే ఎలక్ట్రిక్ పంపు నెల అద్దెకి తీసుకోండి. పిల్లలు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉన్నన్నాళ్లూ రెండు మూడు గంటలకోసారి పాలు తీయాల్సి వస్తుంది. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. సీసాలు డజన్లు కొననక్కర్లేదు. బలం లేని పిల్లలకి ఆసుపత్రిలోనే చిన్న కొమ్ముగిన్నెతో పట్టడం నేర్పారు. నర్సు దాన్ని పాలాడై అంది, మా అమ్మ చూసి "ఇది మన ఉగ్గుగిన్నే కదే" అంది. స్టీలుది, మరిగించి కడగడం సులువు.

సమస్య: జంట స్ట్రోలర్ లిఫ్టులో పట్టడం లేదు

ఇది మా ఇంట్లో జరిగిందే. సీట్లు పక్కపక్కన ఉండే స్ట్రోలర్, అంటే పిల్లల్ని తోసుకెళ్లే బండి, తెప్పించాం. వెడల్పు 77 సెంటీమీటర్లు. మా లిఫ్టు తలుపు 70. మావారు టేపు పట్టుకుని మూడుసార్లు కొలిచారు, ఏడు సెంటీమీటర్లు తగ్గనే లేదు. చివరికి వాపసు పంపాం.

పరిష్కారం: కొనే ముందే లిఫ్టు తలుపు, వీధి గుమ్మం, కారు డిక్కీ కొలిచి రాసుకోండి. ముందొకటి వెనకొకటి సీట్లుండేవి సన్నగా ఉంటాయి గానీ పొడవెక్కువ, మలుపు తిప్పడం కష్టం. ఏది కొన్నా సీటు పూర్తిగా వాలి బల్లపరుపుగా అవ్వాలి, మెడ నిలిచేదాకా పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. ఇక మన వీధుల సంగతి. రాళ్లు లేచిన ఫుట్‌పాత్, దాని మీద పార్కింగ్ చేసిన బైకులు, అడుగడుక్కీ ఎత్తుపల్లాలు. మొదటి మూడు నెలలు మేం స్ట్రోలర్ ముట్టలేదు. మీకూ గేటెడ్ కమ్యూనిటీ లోపల నడిచే దారి లేకపోతే తొందరపడొద్దు.

ఒంటికి కట్టుకునే క్యారియర్ వాడదామంటే దాని మీద రాసిన కనీస బరువు చూడండి. చాలావాటికి మూడు కిలోల పైనే ఉంటుంది. మా పిల్లలు ఇంటికొచ్చేసరికి ఒకరు 2.1, ఒకరు 1.9 కిలోలు. అప్పుడు చేసింది కంగారూ కేర్ ఒక్కటే, బిడ్డని ఒంటికి ఆనించుకుని మీద శాలువా కప్పుకోవడం. నెల తక్కువ పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే పద్ధతి ఇదే. డిసెంబరు చలికి మావారి ఛాతీ కూడా పనికొచ్చింది.

సమస్య: కారు సీట్లు ఇంత ఖరీదా, ఒళ్లో పెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. సడన్ బ్రేకు పడితే చేతులతో పట్టుకుని ఆపలేం. చట్టం కూడా 14 ఏళ్లలోపు పిల్లలకి సీటు బెల్టో పిల్లల సీటో లేకపోతే 1,000 రూపాయల జరిమానా అంటుంది. కారు ఉంటే ఇవి మాత్రం రెండు, ముందుగానే కొనాలి. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో ఎప్పుడూ వద్దు. తక్కువ బరువు పిల్లలకి సరిపోతుందో లేదో డిశ్చార్జికి ముందు డాక్టర్ని అడగండి. యాక్సిడెంటైన కారులోని సీటు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

సమస్య: ఒక మంచంలో ఇద్దరినీ పడుకోబెట్టొచ్చా?

తల్లి గదిలోనే, కానీ విడివిడి పడకల మీద. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, అంతే. ఆవాల దిండు, పక్క దిండ్లు, బొమ్మలు వద్దు. చీర ఊయలలో బిడ్డ గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డం పడొచ్చు, రాత్రి నిద్రకి వాడకండి.

సమస్య: కొన్న బట్టలు వదులు, లంగోటీలు ఆరవు

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు, బరువు తక్కువ. 0-3 నెలల బట్టల్లో మావాళ్లు మునిగిపోయారు. ముడివేసే కాటన్ జుబ్బాలు చెరో ఆరు చాలు, పిల్లలు పెరిగేకొద్దీ ముడి వదులు చేసుకోవచ్చు. చిక్‌పేటలో మెత్తటి నూలు గుడ్డ మీటర్ల లెక్కన కొని అమ్మ లంగోటీలు కుట్టింది. ఇద్దరికీ కలిపి రోజుకి ఇరవై దాకా మారుస్తాం కాబట్టి నలభై ఉండాలి, ఎందుకంటే బెంగళూరు ముసురులో రెండు రోజులకి గానీ ఆరవు. సీలింగుకి తాడుతో పైకి లాగే ఆరేత స్టాండు బాగా పనికొచ్చింది. డైపర్లు రాత్రికే వాడాం. అతిచిన్న సైజు ఒక ప్యాకెట్ తెచ్చి, సరిపోయాక రెండోది.

సమస్య: చుక్కల మందు ఎవరికి వేశామో గుర్తు లేదు

ఒక రాత్రి రెండు గంటలకి విటమిన్ డి సీసా చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఒకరికి రెండుసార్లు వేశానా, ఇంకొకరికి అసలు వేయలేదా? భయమేసింది. కారణం నిద్రలేమి, పైగా ఒకే పోలిక. పరిష్కారానికి పెద్దగా ఖర్చు లేదు. ఒకరికి నల్ల మొలతాడు, ఒకరికి ఎర్రది, వారానికోసారి వదులు చూసుకుంటూ. ఫ్రిజ్ మీద నోటుబుక్, నలుపు గడి ఒకటి, ఎరుపు గడి ఒకటి. పాలు, మందు, మలమూత్రాలు, టైముతో సహా. ఎవరు పట్టినా వాళ్లే రాయాలి.

సమస్య: పుట్టకముందే కొనకూడదంటున్నారు పెద్దవాళ్లు

వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. మా అత్తయ్య కూడా గట్టిగానే అన్నారు. కారు సీట్లు, పంపు అద్దె ముందే మాట్లాడి పెట్టి, మిగతావన్నీ ఫోన్‌లో కార్ట్‌లో ఉంచాం. ఈ ఊళ్లో డైపర్లు, గుడ్డలు పావుగంటలో గుమ్మం ముందుకొస్తాయి. ఊయల మాత్రం కొనలేదు. పై అంతస్తు కన్నడ ఆవిడ తన పిల్లలది కడిగి, తుడిచి తెచ్చిచ్చారు. బారసాల రోజు అమ్మ అందులో నల్ల మొలతాడు బిడ్డని ముందు వేసి, మూడుసార్లు ఊపి, తీసి ఎర్ర మొలతాడు బిడ్డని వేసింది.