గుమ్మడి పిందెలు రాలిపోతున్నాయా? పొద్దున్నే ఇలా చేసి చూడండి

గుమ్మడి తీగ నిండా పూలున్నా పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే ఎరువు చాలలేదేమో అనుకుని ఇంకాస్త వేసేస్తాం, కానీ చాలాసార్లు అసలు సమస్య తేనెటీగలు సరిగా రాక, మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి అందకపోవడమే. ఆ పని మనమే చేయొచ్చు. ముందు పూలు చూడండి. ఆడపువ్వు కింద బుల్లి కాయ ఉంటుంది, మగపువ్వుకి సన్నటి కాడే, మొదట్లో మగవే ఎక్కువ వస్తాయి కాబట్టి కంగారు పడొద్దు. పొద్దున పూలు విచ్చుకోగానే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు లోపల మెల్లగా రుద్దండి, లేట్ చేస్తే ముడుచుకుపోతాయి. నేనైతే రుద్దినవాటికి దారం కడతా, రెండు మూడు పూలు ఊరికే వదిలేస్తా, వారంలో తేడా తెలిసిపోతుంది, దారం కట్టిన పిందె లావవుతుంటే ఎంత ఆనందమో! సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి అప్పుడే చేయాలి.