పాత సామానుతో బొమ్మలు చేసే ముందు

పాత రంగుని పొడిగా గీకొద్దు. పాత తలుపుల, కిటికీల పెయింట్‌లో సీసం ఉండొచ్చు. గరుకు కాగితంతో రుద్దితే లేచే సన్నటి దుమ్ము ఊపిరితో పాటు లోపలికి పోతుంది. పిల్లల మెదడుకైతే మరీ ప్రమాదం. పెచ్చులూడిన రంగు చూడటానికి బావుంటుంది, నిజమే. అనుమానం ఉంటే మాత్రం పక్కన పెట్టేయండి.

సరుకు రవాణా ప్యాలెట్ చెక్కల మీద ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసింది. ‘ఎంబీ’ అంటే పురుగుల్ని చంపే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, ముట్టుకోవద్దు.

జింకు పూత రేకుని వెల్డింగ్ చేయొద్దు, ఆ పొగకి జ్వరం వస్తుంది. పైపులకి వాడే పీవీసీ ప్లాస్టిక్ కాల్చొద్దు, దాని పొగ ఊపిరితిత్తులకి మంట.

రంపం పెట్టే ముందు చెక్క మీద అయస్కాంతం తిప్పండి. లోపల విరిగిన మేకు కనపడదు. నా బ్లేడు పళ్లు రెండు అలాగే పోయాయి.

పాత ఫోన్లు విప్పేటప్పుడు నిదానం. లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే నిప్పంటుకుంటుంది.

పాత సామాను ఇచ్చినవాళ్లని “దీన్ని కోయొచ్చా?” అని ఒక్క మాట అడగండి. అమ్మ కుట్టిన దుప్పటి ఇచ్చినవాళ్లు అది ముక్కలవుతుందని అనుకుని ఉండకపోవచ్చు.