పైథాన్‌లో బ్యాక్‌గ్రౌండ్ కమాండ్లు నడిపేవారికి జాగ్రత్తలు: ఆ పీఐడీ ఎవరిదో చూసుకోండి

ఇటీవల ఒక సంస్థలో రాత్రిపూట డేటాబేస్ బ్యాకప్ తీసే పైథాన్ స్క్రిప్ట్, గడువు దాటిన పాత బ్యాకప్‌ను ఆపేసినట్టు లాగ్‌లో రాసి కొత్తదాన్ని మొదలుపెట్టింది. నిజానికి పాతది ఆగలేదు. రెండూ తెల్లవారేదాకా ఒకే ఫైల్‌లో రాయడంతో ఆ బ్యాకప్ ఎందుకూ పనికిరాకుండా పోయింది. స్క్రిప్ట్ చంపింది కమాండ్‌ను కాదు, దాన్ని నడిపిన షెల్‌ను, అంటే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్‌ను.

బయటి కమాండ్లను నడిపే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని పోపెన్‌కు షెల్=ట్రూ అని ఇస్తే మన చేతికి వచ్చే పీఐడీ (నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌కూ సిస్టమ్ ఇచ్చే నంబరు) షెల్‌ది. పరీక్షించేటప్పుడు ఈ తప్పు కనబడకపోవడమే అసలు ప్రమాదం. స్లీప్ లాంటి ఒంటరి కమాండ్ ఇచ్చినప్పుడు బ్యాష్ అనే షెల్ తన స్థానాన్నే దానికి ఇచ్చేస్తుంది కనుక పీఐడీ సరిగ్గా సరిపోతుంది. తరువాత ఎవరో లాగ్ కోసం ఒక పైపు (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను మరోదానికి అందించేది), ఆ అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి కూడా రాసే టీ కమాండ్ చేరుస్తారు. అప్పటినుంచి షెల్ 4120గా, అసలు కమాండ్ 4121గా నడుస్తాయి. 4120కి టెర్మినేట్ సిగ్నల్ పంపితే షెల్ చనిపోతుంది, 4121 మాత్రం సాధారణంగా ఒకటో నంబరు ప్రాసెస్ కిందికి చేరి తన పని తాను చేసుకుపోతుంది.

కాబట్టి కమాండ్‌నూ ఆర్గ్యుమెంట్లనూ లిస్టుగా ఇచ్చి, షెల్ లేకుండా నడపండి. షెల్ తప్పనిసరైతే స్టార్ట్_న్యూ_సెషన్=ట్రూ చేర్చండి; అప్పుడు షెల్ పీఐడీయే ప్రాసెస్ గ్రూపు నంబరు కూడా అవుతుంది కనుక ఓఎస్ మాడ్యూల్‌లోని కిల్‌పీజీతో గ్రూపు మొత్తానికీ ఒకేసారి సిగ్నల్ పంపవచ్చు.

ఓఎస్.సిస్టమ్ నుంచి పీఐడీ ఆశించకండి, అది ఇచ్చేది ఎగ్జిట్ స్టేటస్ మాత్రమే. షెల్ కమాండ్ చివర & (బ్యాక్‌గ్రౌండ్‌లో నడపమనే గుర్తు) పెట్టకండి; షెల్ వెంటనే ముగిసిపోయి, మీకు మిగిలేది చచ్చిన షెల్ పీఐడీ. అవుట్‌పుట్‌ను పైపులోకి మళ్లించి చదవకుండా వదిలేయకండి, లినక్స్‌లో సాధారణంగా 64 కిలోబైట్లు నిండగానే కమాండ్ అక్కడే నిలిచిపోతుంది. ప్రాసెస్ ముగిసిందో లేదో చూసే పోల్ గానీ, ముగిసేదాకా ఆగే వెయిట్ గానీ తప్పక పిలవండి, లేకపోతే ముగిసిన ప్రాసెస్ జాబితాలోంచి పోకుండా జాంబీగా మిగిలి బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. పీఐడీని ఫైల్‌లో దాచితే ప్రాసెస్ మొదలైన సమయాన్ని కూడా రాయండి. కెర్నెల్ అవే నంబర్లను మళ్లీ వాడుతుంది. రీబూట్ తరువాత ఆ ఫైల్‌ను నమ్మకండి. పేరుతో ప్రాసెస్‌లను వెతికే పీగ్రెప్‌లో మొదట కనబడిన పీఐడీని చంపకండి. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌గా అసలే చంపకండి. మళ్లీ చెబుతున్నాను: షెల్=ట్రూ ఉన్నచోట మీ దగ్గరున్నది షెల్ పీఐడీ. కిల్ రాసే ముందు, పూర్తి కమాండ్‌ను పైపులతో సహా నడిపి, నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ జాబితాలో ఆ పీఐడీ ఎదుట ఏ పేరుందో చదవండి.